నలభై అంగలు

నెల్లూరులో టెంట్లు వేసేవాళ్లకు కొదవ లేదు గానీ, టేపు ముట్టని వాడు మాత్రం హెబ్రోను ఒక్కడే. స్థలం చూడ్డానికి వెళ్తే ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అంగలేసుకుంటూ పోతాడు. ఆయన అంగ సరిగ్గా రెండున్నర అడుగులు. నలభై అంగలంటే వంద అడుగులు, ఇక మారుమాట లేదు. భార్య సామ్రాజ్యం నోటుబుక్కు పట్టుకుని వెంట వెళ్లి, ఆయన చెప్పిన అంకె రాసుకుంటుంది. ఇంజనీరు చదివినవాళ్లు కూడా తర్వాత టేపు వేసి చూసి నోరెళ్లబెట్టారు. ఆ పొగడ్తలు ఆయన తలకు కాస్త ఎక్కిన మాట కూడా నిజమే.

వెంట వెళ్లడం పేరుకే, సామ్రాజ్యానికి అది పరుగు. ఆయన పొడుగాటి మనిషి, ఈమె పొట్టి. పెళ్లయిన కొత్తలో మెల్లిగా నడవమని అడిగి అడిగి, విసుగెత్తి మానేసింది. అలాంటిది ఏడాదిగా ఏమైందో, ఆయన పక్కనే ఆయాసం లేకుండా నడవగలుగుతోంది. ఇన్నాళ్లకు మొగుడికి పెళ్లాం గుర్తొచ్చిందని లోలోపల మురిసిపోయింది. చర్చిలో ఆడవాళ్లకు చెప్పుకోవాలని నాలుక చివరిదాకా వచ్చినా, నవ్వుతారని ఊరుకుంది.

పెంచలప్రసాద్ అనే రైతు తన కూతురి పెళ్లి నెల్లూరులో పెట్టుకున్నాడు. కల్యాణ మండపం దొరక్క, ఒక ఆసుపత్రికి ఎదురుగా మెయిన్ రోడ్డు పక్కనున్న ఖాళీ స్థలం మాట్లాడుకున్నాడు. హెబ్రోను నడిచి చూసి నలభై అంగలన్నాడు. దాన్ని బట్టి ఆరు గదుల జర్మన్ షెడ్డు ఖాయమైంది. మధ్యలో గుంజలుండని అల్యూమినియం ఫ్రేము టెంటు అది. గదంటే రెండు ఫ్రేముల మధ్య ఎడం, ఒక్కోటి పదహారు అడుగులు.

తెల్లవారితే పెళ్లనగా సామాను లారీ వచ్చింది. మేస్త్రీ వెంకటేష్ వెనక గోడ దగ్గర మొదలుపెట్టి, ఫ్రేము కాళ్లకు అడుగున వేసే ఇనుప పలకలు వరసగా పరిపించాడు. ఐదు గదులు బాగానే పట్టాయి. ఆరోదానికి పలక మోసుకుంటూ పోయినవాడు సైడు కాలువ దాటి, రోడ్డు మీద ఆటోల మధ్య నిలబడిపోయాడు. అతని వెనకాల అంబులెన్సు ఒకటే మోత.

వెంకటేష్ సంచిలోంచి పొడుగు టేపు తీసి లాగించాడు. "ఎనభై నాలుగే అన్నా" అన్నాడు మెల్లిగా.

పనివాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, తర్వాత హెబ్రోను మోకాలి వైపు చూశారు. పోయినేడు నిచ్చెన మీంచి పడ్డప్పుడు దెబ్బ తగిలిన మోకాలు. పూర్తిగా తగ్గిపోయిందని ఆయనే అందరికీ చెప్పాడు. ఇన్నాళ్లూ వేసిన గుడ్డ షామియానాలకైతే కొలత అటూ ఇటూ అయినా తాళ్లు సర్దుకుంటే సరిపోయింది. ఈ ఫ్రేము ఒక్క జానెడు కూడా సర్దుకోదు.

సామ్రాజ్యం మనసులో లెక్క కట్టింది. ఎనభై నాలుగు అడుగులకు నలభై అంగలు పట్టాయంటే, ఆ అంగ రెండు అడుగులకు దిగిపోయిందన్నమాట. ఆయన తనకోసం నిదానించలేదు. కాలు సాగక వెనకబడ్డాడు. ఏడాది పొడుగునా తాను సంబరపడింది ఆయన నొప్పిని చూసి! ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది.

హెబ్రోను పలకల వైపే చూస్తున్నాడు. ఇంతమందిలో అంకె తప్పింది కాబట్టి, రేపటి నుంచి ఈ మనిషి ఏ స్థలానికీ రాడు, ఇంట్లో కుర్చీకి అతుక్కుపోతాడు. ఆ సంగతి ఆమెకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

"నేనే తప్పు రాసినాను" అంది గట్టిగా. "ఆయన ముప్పై నాలుగంగలనే చెప్పినాడు. నేనే నలభై అని గీకినాను. కళ్లద్దాలు మార్చాల."

"ఏందక్కా ఇది! తెల్లారితే పెళ్లి పెట్టుకోని!" అని వెంకటేష్ విసుక్కున్నాడు. ఆమె తలొంచుకుని తిట్లు పడింది. ఈ ఒక్క అబద్ధాన్నీ ప్రభువు చూసీ చూడనట్టు పోతాడులే అనుకుంది.

హెబ్రోను ఆమె వైపు ఒక్క చూపు చూసి పనిలోకి దిగాడు. షెడ్డును ఐదు గదులకు కుదించాడు. లోపల వేయాల్సిన వడ్డన బల్లలను బయటికి మార్చి, పక్కనున్న ఖాళీలో వాటికి గుడ్డ షామియానా వేయించాడు. లోపల కుర్చీలకు చోటు మిగిలింది. మధ్యాహ్నం మూడు గంటలకల్లా షెడ్డు లేచింది. పెంచలప్రసాద్ వచ్చి చూసి, వడ్డించేవాళ్లకు గాలి ఆడుతుందని మెచ్చుకుని మరీ వెళ్లాడు.

అందరూ టీ తాగుతుండగా హెబ్రోను ఆమె చేతిలోని నోటుబుక్కు తీసుకుని వెంకటేష్ ముందు పెట్టాడు. "అక్క సరిగ్గానే రాసింది. నేను చెప్పిందే నలభై. నా కాలు ముందట్లా సాగడం లేదబ్బయ్యా. ఇంక టేపుతోనే కొలుద్దాం, ఇట్లా ఇయ్యి."

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే ఇద్దరూ చర్చి మీటింగుల స్థలం చూడ్డానికి వెళ్లారు. గేటు దాటగానే సామ్రాజ్యం ఇక ఆపుకోలేకపోయింది.

"నాకన్నా చెప్పొచ్చు గదయ్యా! నేనేమో నాకోసం మెల్లిగా నడస్తా ఉండావని..." చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

"అట్లా అనుకున్నావా?"

"అనుకున్నా. సంతోషపడినా కూడా."

"ముప్పై ఏళ్లు పరిగెత్తించినా నిన్ను. ఒక్కనాడన్నా వెనక్కి తిరిగి చూడలా" అన్నాడు హెబ్రోను. ఆయన కళ్లలో కూడా నీళ్లు తిరిగాయి. టేపు కొస ఆమె చేతికిచ్చి, "గట్టిగా పట్టుకో, వదలబాక" అన్నాడు.

ఆమె గోడ దగ్గర నిలబడింది. ఆయన టేపు వదులుకుంటూ, కుంటడం దాచుకోకుండానే నడిచాడు. సగం దూరం పోయాక ఆగి, వెనక్కి తిరిగాడు.

"ఏమయ్యా, ఆగిపోయినావు? కాలు నొప్పా?" అని కేకేసింది.

"నొప్పి కాదు మే" అన్నాడు హెబ్రోను. "ఈసారి నీకోసమే ఆగినా."