సగంలో ఆగిన సినిమాలు

"ఒక్క సినిమా అయినా చివరిదాకా చూడవేంటే? ఓటికుండలో నీళ్లు పోసినట్టుంది నీకు ఓటీటీ పెట్టించడం!" అన్నారు మా ఆయన, తన జోకుకు తనే పగలబడి నవ్వుతూ.

ఆదివారం పొద్దున్న. ఆయన సోఫాలో కాళ్లు చాపుకుని ఉన్నారు, అత్తయ్య పక్కన కుర్చీలో ఉంది. నేను కింద కూర్చుని ఆయన చొక్కాలు మడతపెడుతున్నాను.

తీగ లాగితే డొంకంతా కదులుతుందంటారు. పోయిన నెల ఓటీటీ పెట్టిస్తూ మా ఇంట్లో పాత కేబుల్ తీగ లాగితే టీవీ బల్ల కదిలింది, బల్ల వెనక ఏళ్ల నాటి దుమ్ము కదిలింది, ఆ దుమ్ము దులపడానికి నేను కదిలాను. తుమ్ముతూనే సంబరపడ్డాను. ఎందుకు పడనూ! చానళ్లు చూసే చాన్సు నాకు చాన్నాళ్లుగా లేదు. అత్తయ్య సీరియల్ వేళకి నాది పోపు వేళ, ఆయన వార్తల వేళకి నాది అంట్ల వేళ. లోకానికంతా దృశ్యం, నాకు మాత్రం వంటింటి గోడ మీదుగా శ్రవ్యం. ఆ సీరియల్లో ఆడపడుచు ఏడుపు ఏ గదిలోంచి వినబడినా గుర్తుపడతాను గానీ, మనిషి ఎదురైతే ఎవరమ్మా మీరు అని అడుగుతాను. అలాంటిది, "ఇప్పుడు ఎప్పుడైనా చూడొచ్చమ్మా, ఎక్కడ ఆపితే అక్కణ్ణుంచే మొదలవుతుంది" అని మా అమ్మాయి చెప్పేసరికి చీపురు పట్టుకునే గెంతాను. తెర మీద నాకంటూ ఒక గడి! పేరు పెట్టమంది. 'నేను' అని పెట్టాను.

ఇప్పుడు ఆయన తెరిచి నవ్వుతున్నది ఆ గడినే. సగంలో ఆగిన సినిమాలన్నీ వరసగా ఉన్నాయి. ఎంతవరకు చూశానో చెప్పే ఎర్రగీత ఒక్కో బొమ్మ కింద. కొన్నిటికి గోరంత, కొన్నిటికి బెత్తెడు.

"నీకు దేనికీ ఓపిక లేదు. మొదలుపెట్టడమే తప్ప ముగించడం చేతకాదు" అన్నారు, ఈసారి నవ్వకుండా.

ఆ మాట చురుక్కుమంది. లేచి రిమోట్ అందుకున్నాను.

"ఇదిగో, ఈ పిల్ల గుర్రం ఎక్కబోతుంటే మీకు రెండో టీ. పాపం, ఒక కాలు ఇంకా గాల్లోనే ఉంది. ఇందులో హంతకుడెవరో తేలేలోపు మీ నీలం చొక్కా కనబడలేదు. చొక్కా దొరికింది, హంతకుడు దొరకలేదు. ఇది మా ఆఫీసు మేనేజరు సెలవురోజు చేసిన ఫోను. ఇదేమో..." ఆగాను.

"నా కాళ్లనొప్పుల మందు. చెప్పవే, మొహమాటం దేనికి?" అంది కుర్చీలోంచి అత్తయ్య.

"అయితే? సినిమా ఆపమని మేమెవరమైనా అన్నామా?" అన్నారాయన.

నిజమే. ఎవరూ అనలేదు. అందరూ పిలిచారు, అంతే. ఆపింది ప్రతిసారీ నా వేలే. ఆపేది నేనైతే, ఆపకపోయేదీ నేనేగా!

"ఆ గీత చివరిదాకా వెళితే ఏమవుతుందే?" అడిగింది అత్తయ్య.

"తెలీదత్తయ్యా. ఎప్పుడూ వెళ్లలేదు."

ఆవిడ లేచొచ్చి కొడుకు కాళ్లు పక్కకి నెట్టి సోఫాలో కూర్చుంది. "రా. ఆ హంతకుడి సంగతేంటో చూద్దాం. నీ వయసులో సగం సీరియళ్లు నేనూ వంటింట్లోంచి విన్నదాన్నే."

మడతపెట్టని చొక్కాలు ఆయన ఒళ్లో పెట్టి కూర్చున్నాను. ఆయన వాటిని పక్కన పడేసి, గొణుక్కుంటూ టీ పెట్టుకోవడానికి వంటింట్లోకి వెళ్లారు. తెర మీద పోలీసులు తలుపు విరగ్గొడుతుండగా లోపల్నుంచి కేక: "ఏమోయ్! పాలు పొంగుతున్నాయి!"

నా బొటనవేలు తనంతట తనే ఆపే మీట మీదికి పోయింది. దాన్ని గుప్పిట్లోకి మడిచేశాను.

"స్టవ్ కట్టెయ్యండీ!" అని అరిచాను, గది అదిరేలా.

హంతకుడు దొరికాడు. పేర్లన్నీ పైకి జరిగిపోయాయి. సగంలో ఆగినవాటి వరసలో చూస్తే ఆ బొమ్మ లేదు.

"అయ్యో, పోయిందే!" అంది అత్తయ్య.

"పోలేదత్తయ్యా, పూర్తయింది" అని ఇంకోటి పెట్టాను.