చిన్నగది కిటికీ

టైల్స్ షాపులో నేను టీ ఒలకబోశాను. కావాలనే. షాపాయన మర్యాదకి తెప్పించిన టీ అది. సగం తాగి, మిగతా సగం ఎదురుగా పెట్టిన తెల్లటి టైలు మీద పోసి, కాసేపు ఆగి, చేతిరుమాలుతో తుడిచి, వంగి వెలుతురులో పక్కనుంచి చూశాను. అంచు వెంబడి సన్నటి గోధుమరంగు గీత మిగిలింది.

"ఇది వద్దండీ," అన్నాను.

షాపాయన పెద్దవాడు. చిరాకు పడతాడనుకున్నాను గానీ నవ్వాడు. "ఇన్నేళ్లలో నా టీ బాలేదన్నవాళ్లున్నారు గానీ, దాన్ని టైలుకి తాగించినవాళ్లని చూళ్లేదమ్మా."

మా ఆయన గర్వంగా నా వైపు చూశారు. "మా ఆర్థిక మంత్రి అండీ. ఆవిడ ఊ అనందే మా ఇంట్లో ఇటుక కూడా కదలదు."

షాపాయన ఇంకో కప్పు తెప్పించి నా ముందు పెట్టాడు. "ఇది మాత్రం మీరే తాగండమ్మా," అన్నాడు. వేడిగా ఉంది. ఆ పూట నేను కూర్చుని ఏదైనా తాగింది అదొక్కటే.

ఇల్లు మొదలుపెట్టిన రోజునే నాకీ మంత్రి పదవి వచ్చింది. నేను రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తాను. "చుక్క తేడా రానివ్వని మనిషివి, నువ్వు చూసుకుంటే నాకు బెంగ లేదు," అన్నారు ఆయన. ఆ మాట నాకు నచ్చింది, కాదనను. ఇటుకలవాడితో బేరం, ఇసుక లారీ కోసం ఎదురుచూపులు, ఇనుము రేటు పెరగకముందే కొనిపెట్టడం, లోపలి గోడలకి తేలికపాటి సిమెంటు దిమ్మెలు చాలా, మామూలు ఇటుకే కావాలా అని పదిమందిని అడగడం, అన్నీ నా మీదకొచ్చాయి. ల్యాబులో భోజనం గంటలో ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపట్టి, ఒక చేత్తో తింటూ, ఇంకో చేత్తో రేట్లు రాసుకుంటూ మాట్లాడేదాన్ని. "ఇల్లు కట్టేది మీ ఆయనా, నువ్వా?" అని మా డాక్టరుగారు అందరిముందూ నవ్వారొకసారి. అందరూ నవ్వాక, "రిపోర్టులు ఆలస్యమవుతున్నాయమ్మా," అన్నారు, ఈసారి నవ్వకుండా. మంత్రిగారు తిన్న డబ్బా కడుక్కుని మళ్లీ సూది చేతిలోకి తీసుకున్నారు.

అయినా బాగానే ఉండేది. ఏదైనా బాగా చేయగలగడంలో ఒక సుఖం ఉంది. కానీ ఏ వస్తువు చూసినా నాకు ముందు కనిపించేది దాన్ని తుడుస్తున్న నా చెయ్యే. నల్ల గ్రానైటు చూపిస్తే దాని మీద నీటి మరకలు కనిపించేవి. నగిషీ ఉన్న కిటికీ ఊచలు చూపిస్తే ఆ మెలికల్లో చేరే దుమ్ము, పాత బనీను ముక్క పట్టుకున్న నా వేలు. మా ఆయన వచ్చేవాళ్ల కళ్లతో చూసేవారు, అత్తయ్యగారు తన మోకాళ్లతో చూసేవారు, జారుతుందా జారదా అని. ముగ్గురికీ సరిపడే టైలు వెతికి తెచ్చాను. "అమ్మాయ్, దీనిమీద నడిస్తే పట్టు ఉంది," అని అత్తయ్యగారు మెచ్చుకున్నారు. నాకు ఏ రంగు ఇష్టమో ఎవరూ అడగలేదని చెప్పబోయాను గానీ అది అబద్ధం. షాపాయన అడిగాడు. "మీకేది నచ్చిందమ్మా?" అన్నాడు. నేను చాలాసేపు చూసి, "మరకలు కనపడనిది," అన్నాను.

ధరలు మాత్రం నా మాట వినలేదు. పునాది అనుకున్నదానికంటే లోతుకి పోయింది, సిమెంటు పెరిగింది, కూలి రేట్లు పెరిగాయి. ప్రతిసారీ ఆయన ఒకే మాట అనేవారు. "ఎక్కడో అక్కడ సర్దేయ్. నీకు చేతనవును." నేను సర్దేదాన్ని. వంటింటి అలమరలకి తలుపులు తీసేసి ఉత్త అరలు చాలన్నాను. వెనకవైపు బట్టలుతికే చోట పైకప్పు వద్దన్నాను, వానొస్తే వానలోనే ఉతకొచ్చని. ఇలా మిగిల్చినదంతా ఎటుపోతోందో నాకు తెలియకపోలేదు. వాకిలికి టేకు తలుపు కావాలన్నారు ఆయన, చెక్కడంపనితో. దాన్ని తగ్గించమని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. అసలు అది సర్దే వస్తువుల్లో ఉన్నట్టే తోచలేదు.

ఒకరోజు ల్యాబులో యంత్రం తిరుగుతుంటే అది ఆగేలోపు మేస్త్రికి ఫోను చేసి, "చిన్నగదికి కిటికీ వద్దు, పైన గాలికి చిన్న కన్నం చాలు," అన్నాను. చిన్నగది అంటే వంటింటి పక్కన సామాను గది. ప్లాను గీసే రోజున, "పోనీ అది నీ గది అనుకో," అన్నారు ఆయన, నేను అడక్కుండానే. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన అత్తయ్యగారితో, "చూశావామ్మా, చెప్పకుండానే ఒక కిటికీ తగ్గించేసింది," అన్నారు. అత్తయ్యగారు నా పళ్లెంలో ఇంకో గరిటె వడ్డించారు. నాకు బడిలో బహుమతి ఇచ్చినట్టే అనిపించింది. నిజం. ఇప్పుడు తలుచుకుంటే నాకు అర్థంకానిది అదే. నా దగ్గర్నుంచి ఎవరూ లాక్కోలేదు. నేనే తీసి ఇచ్చాను, ఇచ్చి సంబరపడ్డాను.

సెలవురోజున గోడలు చూద్దామని ముగ్గురం వెళ్లాం. ఆయనా అత్తయ్యగారూ వాకిలి ముందు నిలబడి మెట్లు ఎన్నుండాలో వాదించుకుంటున్నారు. నేను లోపలికి వెళ్లాను. చిన్నగది గోడ నా నడుము దాకా లేచి ఆగివుంది. సిమెంటు మాలు మోసే ఇనుప బొచ్చె ఒకటి బోర్లించి దాని మీద కూర్చున్నాను. చెప్పులు విప్పాను. కాసేపటికి గోడ మీదుగా గాలి వచ్చింది. కూర్చుంటే గోడ అడ్డం, ఏమీ కనపడదు. కొంచెం మెడ సాచితే పక్కింటివాళ్ల బట్టల తీగ, దానిమీద ఆరేసిన ఒక పిల్లవాడి సాక్సులు, నీళ్ల ట్యాంకు నీడలో పడుకున్న పిల్లి. అంతే. చూడదగ్గది ఏమీ లేదు. అయినా చూస్తూ కూర్చున్నాను. ఎవరూ పిలవలేదు. ఎంతసేపు కూర్చున్నానో తెలీదు గానీ, ఆ సేపట్లో నేను దేని ధరా ఆలోచించలేదు.

మేస్త్రి వచ్చి గుమ్మం దగ్గరే ఆగాడు. నేను చెప్పులు వెతుక్కుంటుంటే, "కూర్చోండమ్మా, కూర్చోండి," అని అటు తిరిగి కాసేపు గోడ నిటారుగా ఉందో లేదో చూస్తున్నట్టు నిలబడ్డాడు. తర్వాత అన్నాడు. "రేపు ఈ గోడ పైదాకా లేపేస్తాం. కిటికీ వద్దన్నారు కదా. లేపాక మళ్లీ కావాలంటే పగలగొట్టడమే."

"పొద్దున చెప్తాను," అన్నాను.

మేస్త్రి వెనక్కి తిరిగాడు. "మీరు ఆలోచించుకుంటానంటున్నారేంటమ్మా. ఇనుము కొనేటప్పుడు కూడా ఇట్టే తేల్చేశారు."

ఇంటికొచ్చాక, అంటే అద్దె ఇంటికి, అందరి భోజనాలూ అయ్యాక అడిగాను. "చిన్నగదికి కిటికీ పెడదామా?"

మా ఆయన ఫోనులోంచి తలెత్తారు. "నువ్వే కదా తీసేశావు?"

"అవును."

"మరి?"

అత్తయ్యగారు నవ్వారు. "బస్తాలకీ పాత పరుపులకీ కిటికీ ఎందుకమ్మాయ్? అవేమన్నా వీధి చూస్తాయా?"

"అందులో ఏం చేస్తావు?" అన్నారు ఆయన. వెటకారం కాదు, నిజంగానే అడిగారు. "చెప్పు. అవసరమైతే పెడదాం. నేనెప్పుడన్నా కాదన్నానా?"

అనలేదు. ఏనాడూ కాదనలేదు. ఏం చేస్తానో వెతుక్కున్నాను. కుట్టుమిషను పెట్టుకుంటానందామా అంటే నాకు కుట్టడం ఇష్టం లేదు. చదువుకుంటాననొచ్చు, కానీ చదివి ఎన్నేళ్లయిందో. ఆయనే సాయం చేయబోయారు. "పోనీ ల్యాబు పని ఇంటికి తెచ్చుకుంటావా? అమ్మ పడుకోవడానికి పనికొస్తుందా? చుట్టాలొస్తే?" ఒక్కొక్కటీ నా ముందు పెడుతున్నారు, షాపులో టైల్స్ పెట్టినట్టు. ఏదో ఒకటి ఒప్పుకుంటే కిటికీ వచ్చేస్తుంది. నేను దేనికీ ఊ అనలేకపోయాను. అందులో నేను ఏమీ చెయ్యను. అది చెబితే ఎలా ఉంటుందో నాకే వినిపించింది.

మాట మార్చడానికే అడిగాను. "టేకు తలుపు ఎందుకండీ?"

"ఎందుకేంటి? తలుపు లేకుండా ఇల్లుంటుందా?"

"వేరే చెక్కతో చేసినా తలుపే కదా."

ఆయన ఆలోచించారు. పాపం, నిజాయితీగానే ఆలోచించారు. "దాని ముందు నిలబడి తాళం తీస్తుంటే బావుంటుంది నాకు. అంతే," అన్నారు.

అంతే. సిగ్గు పడలేదు, సాకు వెతకలేదు. మన్నిక అనలేదు, చెదపురుగులు పట్టవనలేదు. నాకు కోపం రావాలి. రాలేదు. ఆయన్ని చూస్తే అసూయ కలిగింది. బావుంటుంది, అంతే. ఆ రెండు మాటలు ఆయన నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చాయో. నేనవి చివరిసారి ఎప్పుడన్నానా అని వెతికాను. పెళ్లికి ముందు ఎప్పుడో ఒక గొడుగు కొన్నప్పుడు అన్నట్టు గుర్తు, అదీ సరిగ్గా గుర్తు లేదు.

గిన్నెలు తోముతుంటే అత్తయ్యగారు వచ్చి నా పక్కన నిలబడ్డారు. కడిగినవి అందుకుని తుడిచి పెట్టడం మొదలుపెట్టారు. మోకాళ్ల నొప్పులు మొదలైన దగ్గర్నుంచి ఆవిడ వంటింట్లో నిలబడటం మానేశారు.

"నాకూ ఒక గది ఉండాలనుకునేదాన్ని," అన్నారు. "లేదు. లేకపోయినా బతికాను కదా."

ఆ మాట నన్ను ఊరుకోమనడమో, ఊరుకోవద్దనడమో తెలియలేదు. ఆవిడ మొహం చూశాను. ఆవిడకీ తెలిసినట్టు లేదు. పళ్లెం తుడవడం అయిపోయినా ఇంకా తుడుస్తూనే ఉన్నారు. "ఏ వైపు చూస్తుంది, ఆ కిటికీ?" అని అడిగారు కాసేపటికి.

"పక్కింటివాళ్ల బట్టలు కనపడతాయి అత్తయ్యా. ఒక పిల్లి."

"పిల్లా," అన్నారు. పళ్లెం అరలో పెట్టి వెళ్లి పడుకున్నారు.

పడుకున్నాక నా బుర్ర పాత అలవాటు కొద్దీ లెక్కలోకే దిగింది. కిటికీ చట్రం చెక్కదైతే ఇంత, ఇనుపదైతే ఇంత, అద్దానికి ఇంత. ఒకటి తగ్గించి ఇంకోటి కలుపుతూ పోయాను. ప్రతిసారీ నా చెయ్యి నాకు సంబంధించినదాని మీదకే పోతోంది. వెనక కుళాయి తీసేద్దామా. వంటింట్లో పొగ బయటికి లాగే ఫ్యాను వద్దనుకుందామా. కిటికీ కోసం కుళాయిని, కుళాయి కోసం ఫ్యానుని ఇచ్చేస్తూ, చివరికి చీకట్లో నాకు నవ్వొచ్చింది. ఈ ఇంట్లో సర్దడానికి నాకు తెలిసిన చోటు ఒక్కటే, అది నేను. ఇది ఆయన నేర్పారా, మా అమ్మ నేర్పిందా, ఎవరూ నేర్పకుండా నేనే నేర్చుకున్నానా? తేలలేదు. ఎవరి మీద నెట్టాలో తెలిస్తే కొంచెం నిద్రయినా పట్టేది.

పొద్దున ల్యాబుకి వెళ్లేముందు సైటు దగ్గర దిగాను. మేస్త్రి మాలు కలిపించి సిద్ధంగా ఉన్నాడు.

"ఏమంటారమ్మా? లేపేద్దామా?"

"కిటికీ పెట్టండి."

"సరే. ఇక్కణ్నుంచి ఖాళీ వదిలేస్తాను," అని గోడ పైవరస మీద చెయ్యి వేశాడు.

నేను లోపలికి వెళ్లి, చెప్పులు విప్పి, మళ్లీ ఆ బొచ్చె మీద కూర్చున్నాను. "ఇంకా కిందకి రావాలి. కూర్చుంటే కనపడాలి. కట్టిన వరసలు కొన్ని తీసేయండి."

"కట్టినవి తీసేస్తే కూలి దండగ కదమ్మా. మీరే నన్ను ఇంత సిమెంటు పారబోస్తే తిట్టారు," అని నవ్వాడు. "సామాను గదికి అంత కిందకి కిటికీ ఎందుకు?"

"తెలీదండీ," అన్నాను. ఆ మాట అనగానే ఊపిరి కొంచెం తేలికయింది. తెలియకపోయినా అడగొచ్చని నాకు ఇంతవరకూ తోచలేదు. ఇసుక దగ్గర్నుంచి తలుపుల పిడుల దాకా ఈ ఇంట్లో ప్రతిదానికీ నా దగ్గర ఒక జవాబు ఉంది, అడిగినవాళ్లకల్లా చెప్పాను. దీనికి లేదు. మేస్త్రి నన్ను ఒక్క క్షణం చూసి, ఇంకేమీ అడక్కుండా తాపీ పక్కన పెట్టి సుత్తి తీసుకున్నాడు. అందుకు ఆయనకి ఎప్పటికీ రుణపడి ఉంటాను.

మా ఆయనకి ఫోను చేశాను. "కిటికీ పెట్టిస్తున్నానండీ. కట్టిన గోడ కొంత తీయిస్తున్నాను కూడా."

"తీయిస్తున్నావా? ఎందుకు?"

"ఇంకా తెలీలేదు."

"అదేం మాట? ఖర్చు పెరగదూ?"

"పెరుగుతుంది. ఎక్కడ తగ్గించాలో ఈసారి మీరు చూడండి."

"నేనా? అవన్నీ నాకేం తెలుసు, నువ్వు కదా..." అని ఆగిపోయారు. ఇప్పుడు నేను ఏదో ఒకటి అనాలి, పోనీలెండి నేనే చూస్తాను అనాలి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. పైవరసల మధ్య మాలు ఇంకా పూర్తిగా గట్టిపడలేదు, మొదటి ఇటుక సుత్తిదెబ్బకి ఊడి అవతల మట్టిలో పడింది. నేను ఆ చప్పుడు ఆయనకి బాగా వినపడేలా, ఫోనుని గోడవైపు తిప్పి పట్టుకున్నాను.