1916 నాటి డైమ్

మా ఊళ్ళో ఎవరి డ్రాయరులో పాత నాణెం దొరికినా ముందు నా కొట్టుకే వస్తుంది. నూటికి తొంభైకి దాని మీద రాసున్న విలువకు మించి చిల్లిగవ్వ కూడా రాదు. ఆ మాట చెబితే ముఖం మాడ్చుకునేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. "పాతదైతే చాలా? మీ అత్తగారూ పాతే, ఆవిడకెంత ఇమ్మంటారు?" అని ముఖం మీదే అంటాను. నవ్వేసి పోతారు. మెర్ల్ నోరు చెడ్డది గాని మాట నిఖార్సైందని ఒహాయోలో ఈ మూల అందరికీ నమ్మకం.

జనవరిలో వెర్నా వచ్చింది. స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. భర్త లీలండ్ కిందటి వసంతంలో పోయాడు. ఇంటిని వెచ్చగా ఉంచే ఫర్నేసు పాడై వారమైందట, వంటగదిలో ఓవెన్ తలుపు తెరుచుకుని కూర్చుంటోందట. కోటు విప్పకుండానే ఒక చిన్న అట్ట కవరు గాజుబల్ల మీద పెట్టింది.

"1916 డైమ్. వెనక 'డి' ఉంది చూడండి, డెన్వర్‌ది. లీలండ్ ఓవర్‌టైములు చేసి మీ దగ్గరే కొన్నాడు. ఎప్పుడైనా కష్టమొస్తే మెర్ల్ దగ్గరికే వెళ్ళు, మోసం చెయ్యడు అనేవాడు."

అట్ట మీద చేతిరాత నాదే. కింద 1991 అని తేదీ.

1916లో డెన్వర్ టంకశాలలో ఈ పది సెంట్ల బిళ్ళలు చాలా తక్కువ కొట్టారు. ఆ ఒక్క అక్షరం ఉంటే మూడు వేల డాలర్లు, లేకపోతే అందులో వెండికి వచ్చేదే. భూతద్దం కింద పెట్టాను. చూడక్కర్లేదు, అయినా పెట్టాను. 'డి' చుట్టూ సన్నటి జిగురు గీత. వేరే నాణెం నుంచి చెక్కి అతికించిన అక్షరం.

అమ్మిన రోజు నాకు తెలియదు. శనివారం రద్దీలో అద్దం తియ్యడానికి బద్ధకించాను. మూడేళ్ళ తర్వాత, నాకు దాన్ని అమ్మిన మనిషి దగ్గర కొన్న ఇంకో డైమ్ నకిలీదని తేలినప్పుడు తెలిసింది. లీలండ్ ఇల్లు ఇక్కడికి నాలుగు వీధులు. వెళ్ళలేదు. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

"ఫర్నేసుకి ఎంతవుతుందన్నారు?"

"మూడు వేలదాకా."

నాణెం ధరగా మూడు వేలకి చెక్కు రాసి ఇచ్చాను. ఇన్నాళ్ళ పాపం వదిలిందనుకున్నాను. సిగ్గులేని ప్రాణం, తేలికపడింది కూడా.

వెర్నా కళ్ళు తుడుచుకుంది. "ఇప్పుడే డ్వైట్‌కి ఫోన్ చేస్తానుండండి."

"ఎవరు?"

"లీలండ్ తమ్ముడు. ఓ ఏడు థాంక్స్‌గివింగ్ పండగ రోజు మా బల్ల దగ్గరే కూర్చుని, ఈ 'డి' అతికించిందన్నాడు. మెర్ల్‌ని దొంగంటావా అని మా ఆయన వాణ్ణి భోజనం మధ్యలో లేపి పంపేశాడు. పంతొమ్మిదేళ్ళు మాటల్లేవు. అన్న అంత్యక్రియలకి వచ్చి కూడా చివరి వరసలో నిలబడి వెళ్ళిపోయాడు పాపిష్టివాడు. మెర్ల్ పూర్తి ధర ఇచ్చాడు, మీ అన్నదే నిజం, ఇకనైనా ఒప్పుకోరా అని చెబుతా."

ఆమె వేలు నంబరు వెతుకుతోంది.

"ఆగండి వెర్నా గారూ. డ్వైట్ చెప్పిందే నిజం."

మొత్తం చెప్పాను. నాకు ఎప్పుడు తెలిసిందో కూడా చెప్పాను. ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ఆ నాణెం నా వైపు తోసింది.

"ఇల్లు గడ్డకట్టుకుపోతోంది కాబట్టి ఇది తీసుకుంటున్నా," అంటూ చెక్కు మడిచి సంచిలో పెట్టుకుంది. తర్వాత నంబరు నొక్కి ఫోన్ నా చేతిలో పెట్టింది. "ఇది మాత్రం నేను చెప్పను. మీరే చెప్పండి."

అవతల ముసలి గొంతు పలికింది. నేనెవరో చెప్పాను. డైమ్ సంగతి చెప్పాను.

"ఈ ముక్క మా అన్న బతికుండగా ఆయనకి చెప్పారా?" అన్నాడు డ్వైట్.

వెర్నా నా ముఖంలోకే చూస్తోంది.

"లేదు," అన్నాను.