గురువమ్మాళ్ నాడి

నర్సు సత్యప్రియకు క్యాజువాలిటీలో మంచి పేరుంది. నరం దొరకని పసిపిల్లలకు సూది వెయ్యాలంటే రాజపాళయంలోని ఆ ప్రైవేటు ఆసుపత్రిలో అందరూ ఆమెనే పిలిచేవారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అంత బాగా తెలియకపోయి ఉంటే ఆ మధ్యాహ్నం తను ఇంకాస్త నిదానంగా ఉండేదేమోనని తరవాత చాలాసార్లు అనుకుంది.

తెన్‌కాసి రోడ్డులో వ్యాను తిరగబడి, దెబ్బలు తగిలినవాళ్ళు ఒకరివెంట ఒకరు వస్తున్నారు. ఆ సందట్లోనే సత్రపట్టి నుంచి గురువమ్మాళ్‌ను ఆటోలో తీసుకొచ్చింది ఆమె కోడలు వెన్నిల. గురువమ్మాళ్‌కు అరవై దాటాయి. బ్యాండేజి గుడ్డ నేసే షెడ్డులో పని. మోటారుసైకిల్ వెనక కూర్చుని వస్తూ జారి, రోడ్డు పక్క రాయి ఎడమ డొక్కలో గుచ్చుకునేట్టు పడింది. మోచెయ్యి గీసుకుపోవడం తప్ప పైకి గాయమేమీ లేదు.

సత్యప్రియ ఆమెను మంచం మీద పడుకోబెట్టి, వేలికి క్లిప్పు తగిలించి, జబ్బకు పట్టీ చుట్టింది. నాడి డెబ్భై ఆరు. ప్రెషరు నూట పది. ఆక్సిజన్‌కు లోటు లేదు. ఇక ఊపిరి. అది లెక్కపెట్టాలంటే ఒక నిమిషం రొమ్ము వైపు చూస్తూ నిలబడాలి. అవతల తల పగిలినతను కేకలు పెడుతున్నాడు. అందరికీ రాసేట్టే పద్దెనిమిది అని రాసేసింది. ఇంట్లో ఏ మాత్రలు మింగుతున్నావని అడగనే లేదు.

గురువమ్మాళ్ ఎడమ భుజం లాగుతోందంది. నాలుక పిడచకట్టుకుపోతోంది, ఒక గుక్క నీళ్ళు ఇమ్మంది. మళ్ళీ అడిగింది. దెబ్బ డొక్కలో తగిలితే నొప్పి భుజంలో ఎందుకుంటుందని సత్యప్రియకు విసుగొచ్చింది. ఇంతలో వ్యాను దగ్గర్నుంచి ఇంకొకతన్ని మోసుకొచ్చారు. ఖాళీ మంచం లేదు.

"పెద్దమ్మా, లెయ్యి. మిషన్లో నీకు అంతా సరిగానే ఉండాది. సుమ్మా ఊరికే నటించవద్దు. నిజంగా దెబ్బ పడినవాళ్ళు బయట కాచుకోని ఉండారు."

గది గదంతా విన్నది. గురువమ్మాళ్ లేచి, కోడలి భుజం పట్టుకుని నడుచుకుంటూ వెళ్ళి వరండాలో బెంచీ మీద కూర్చుంది. కాసేపటికి వెన్నిల ఒక్కతే తిరిగొచ్చింది. తన అత్త ఊరు కూడేట్టు మాట్లాడే మనిషనీ, ఇప్పుడు నోరే తెరవడం లేదనీ చెప్పింది. డాక్టరు వచ్చి చూస్తారు, వెళ్ళి కూర్చోమంది సత్యప్రియ, తలెత్తకుండానే.

ఆ తరవాత వెన్నిల అరుపు వినిపించింది. గురువమ్మాళ్ బెంచీ మీద కోడలి ఒళ్ళోకి ఒరిగిపోయి ఉంది. సత్యప్రియ పరుగున వెళ్ళి చెయ్యి పట్టుకుంటే ఆ చెయ్యి చల్లగా, చెమటతో తడితడిగా ఉంది. రొమ్ము కుక్కపిల్ల రొమ్ములా గబగబా ఎగిసిపడుతోంది. లెక్కపెట్టక్కరలేదు, చూస్తే చాలు. ఇంతసేపూ తను చూడనిది అదే.

డ్యూటీ డాక్టరు అశోక్‌కుమార్ వచ్చి మొదట అడిగింది మాత్రల సంగతే. వెన్నిల సంచీలోంచి అట్ట తీసి ఇచ్చింది. ప్రెషరుకు మింగే ఆ మాత్ర గుండెను పరుగెత్తనివ్వదు. ఒంట్లో నెత్తురు పోతున్నా నాడి మామూలుగానే ఉన్నట్టు కనిపిస్తుంది. మాత్ర మింగినా గురువమ్మాళ్ ప్రెషరు ఎప్పుడూ నూట అరవైకి తగ్గదని వెన్నిల చెప్పింది. అలాంటి మనిషికి నూట పది అంటే సగం దారి కిందికి జారిపోయినట్టే. స్కాన్ పెట్టగానే కడుపులో నెత్తురు కనిపించింది. డొక్కలో ప్లీహం చిట్లింది. భుజం లాగిందీ అందుకే.

డాక్టరు సత్యప్రియను ఒక్క మాటా అనలేదు. నెత్తురు తెమ్మన్నారు, థియేటర్‌కు ఫోన్ చెయ్యమన్నారు. అన్నీ చేసింది. చేతులు వాటంతటవే పనిచేశాయి. గురువమ్మాళ్‌ను లోపలికి తీసుకెళ్ళాక గోడకు ఆనుకుని నిలబడిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది, తను అరిచిన ఆ గొంతు ఎవరిదో. తమ మామిడి తోటలో కడుపునొప్పి అని కూర్చుండిపోయిన కూలిమనిషిని తన తల్లి కసిరి లేపే గొంతు అది. చిన్నప్పుడు అది వింటే తనకే తలెత్తబుద్ధి అయ్యేది కాదు.

గురువమ్మాళ్ బతికింది. వార్డుకు మార్చారని తెలిశాక కూడా రెండుమూడు సార్లు మెట్లదాకా వెళ్ళి వెనక్కి వచ్చింది సత్యప్రియ. చివరికి ఒక పొద్దున వెళ్ళింది. గురువమ్మాళ్ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కమంచం ఆమెతో, ఈ పాపే పరుగెత్తుకొచ్చి నన్ను లేపిందని చెప్పింది. స్టూలు మీద కూర్చున్న వెన్నిల కిటికీ వైపు చూస్తూ ఉండిపోయింది.

సత్యప్రియ మంచం దగ్గరికి వచ్చింది. "లేదు పెద్దమ్మా," అంది. "నిన్ను మంచం మీంచి లేపి పంపించిందీ నేనే. నువ్వు నటిస్తుండావంటిని. సరిగా చూడలేదు. తప్పు నాదే."

గురువమ్మాళ్ ఆమె వైపు తిరిగింది. "తెలుసు పాపా. మరిచిపోలేదు," అంది. "నువ్వు అట్ల చెప్పినాక నాకే వెట్కం అయిపోయింది. చదువుకున్న బిడ్డ, మిషన్ చూసి చెప్పతాది, నాకేమీ లేదేమో, ఊరికే మంచం పట్టుకోని ఉండానేమో అనుకుంటిని. నలుగురూ చూస్తుండిరి. అందుకే లేచి నడిచినాను. ఆపైన నీళ్ళు కూడా అడగలేదు."

తిట్టి ఉంటే బాగుండేది. కడుపులో నెత్తురు కారిపోతుంటే ఆ మనిషి సిగ్గుపడి నోరు మూసుకుని కూర్చుంది. ఆ సిగ్గు తను పెట్టింది. గురువమ్మాళ్ ఆమె చెయ్యి మెల్లగా తట్టి, పోనీలే, పని చూసుకో పొమ్మంది.

వరండాలోకి వచ్చాక వెనక చెప్పుల చప్పుడైంది. వెన్నిల.

"అత్త మనసు అట్లాంటిది, సిస్టర్. విట్టేసింది, మనసులో పెట్టుకోలేదు," అంది. "నా వల్ల ఇంకా కాలేదు. ఆ బెంచీలో ఆమెను నా ఒళ్ళో పెట్టుకోని ఉంటిని."

సత్యప్రియ తలూపింది. మన్నించమని అడగలేదు. వెన్నిల లోపలికి వెళ్ళిపోయింది. ఆ మాటను మోసుకుంటూ సత్యప్రియ మెట్లు దిగింది. గురువమ్మాళ్ మంచితనం కన్నా ఈ మాటే తనకు తగినదని అనిపించింది.