ఒక చరణం సేపు

కడిగిన ట్రేలను బల్లమీద వరసగా పెట్టి, ఫొటోలు కడిగే మందునీళ్లలో చిటికెనవేలు ముంచి చూసుకున్నాడు ఫొటోగ్రాఫర్. మరీ చల్లగా ఉండకూడదు, మరీ వెచ్చగానూ ఉండకూడదు, చేతికి నచ్చాలి. ఆ నీళ్లలో నాని నాని ఆయన గోళ్లు ఎప్పుడో గోధుమరంగుకు తిరిగాయి. వీధిలో అందరూ చీకటి మాస్టారంటారు. ముందుగదిలోని స్టూడియో ఇప్పుడు కూతురిది, ఆమె కంప్యూటరుది. వెనక ఈ చీకటిగది ఒక్కటే ఆయనకు మిగిలింది.

దాని తలుపు పక్కనే భార్య మంచం. జబ్బు ముదిరాక డాక్టరు ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. కిటికీ దగ్గర వేస్తామంటే ఆవిడ ఒప్పుకోలేదు. "నేనక్కడుంటే మీకు టైమెవరు చెప్తారండీ?" అంది.

అది పాత ఏర్పాటు. కూతురు ఉయ్యాలలో ఉన్న రోజుల్లో ఆవిడ ఈ తలుపు బయటే కూర్చుని జోల పాడేది. లోపల ఎన్లార్జరు దీపం వేసి, నెగటివ్‌లోంచి వెలుగు కాగితం మీద పడుతుండగా, సరిగ్గా ఒక చరణం అయ్యేసరికి ఆర్పితే బొమ్మ దివ్యంగా వస్తోందని ఆయన కనిపెట్టాడు. ఉయ్యాల అటకెక్కినా జోల ఆగలేదు. పాట నడుస్తుంటే తలుపు తీయకూడదు, లోపలివాణ్ణి పిలవకూడదు. వెలుతురు పడితే పడ్డ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. పెళ్లయిన కొత్తలో ఒకసారి తీసి చీవాట్లు తిన్న ఆవిడ మళ్లీ ఎన్నడూ తీయలేదు.

ఆ ఉదయం కూతురు ఒక ఫొటో పట్టుకొచ్చింది. పోయినవారం తల్లిని తండ్రి ఫిల్ము మీద తీస్తుంటే, తనూ పక్కనుంచి ఫోనుతో తీసింది. కంప్యూటరులో బుగ్గలు నింపింది, ముడతలు తీసేసింది, తెల్లజుట్టుకు నలుపెక్కించింది.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చూసింది. "బాగుందే. ఎవరీ పిల్ల? మీ నాన్నకేమైనా సంబంధం చూస్తున్నావా?"

కూతురు నవ్వబోయి ఏడ్చేసింది. "నిన్నిలా చూడలేకపోతున్నానమ్మా. జబ్బుకు ముందు ఎలా ఉన్నావో, ఆ అమ్మ కావాలి నాకు."

ఆ ముడతల్లో ఏది ఎప్పుడు పడిందో ఫొటోగ్రాఫర్‌కు తెలుసు. ఒక్కటి చెరిపినా కలిసి బతికిన ఆ ఏడాదిని చెరిపినట్టే ఉంటుంది. కానీ ఏడుస్తున్న పిల్లతో వాదమేమిటి?

"మీరు తీసింది చూపించండి," అంది భార్య. "ఉన్నదున్నట్టు చూసుకోవాలనుంది. ఇవాళే."

"ఇవాళే చూపిస్తాను."

తలుపు వేసుకున్నాడు. ఎర్రబల్బు వెలుగులో కాగితం అమర్చి, "కానియ్యి," అన్నాడు. జోల అందుకుంది. దీపం వేశాడు. గొంతు దారమంత సన్నబడింది గాని పాట నడక తప్పలేదు. చరణం సగంలో ఆగింది.

ఊపిరి తీసుకుంటోంది కాబోలనుకున్నాడు. ఈమధ్య అలా ఆగి మళ్లీ అందుకుంటోంది. వెలుగు ఎక్కువై కాగితం మాడిపోతోందని తెలుస్తూనే ఉంది, చెయ్యి స్విచ్చి మీదే ఉంది. ఆర్పితే పాట అక్కడితో అయిపోయిందని తానే ఒప్పుకున్నట్టవుతుంది. "తొందరేం లేదు, మెల్లగా పాడు," అన్నాడు తలుపు వైపు తిరిగి.

ఎంతసేపు నిలబడ్డాడో. బయట కూతురు ఏడుపు వినిపించింది. అప్పుడు తలుపు బార్లా తీశాడు.

"పిలుస్తానంటే వద్దని చెయ్యి ఊపింది నాన్నా," అంది కూతురు, తల్లి చెయ్యి వదలకుండా. "కాగితం పాడవుతుందని."

ఆయన మంచం పక్కన నేలమీద కూలబడ్డాడు. "చూపిస్తానన్నాను కదే," అన్నాడు. అదే మాట చాలాసేపు అంటూనే ఉన్నాడు.

ఇరుగుపొరుగు వచ్చారు. చీకటిగదిలో దీపం వెలుగుతూనే ఉందని ఎవరో గుర్తుచేస్తే ఆయన లేచి లోపలికి వెళ్లాడు. అలవాటుకొద్దీ తలుపు చేరవేశాడు. స్విచ్చి మీద వేసిన చెయ్యి ఆర్పకుండానే తీసేసి, కూతుర్ని పిలిచాడు. నెగటివ్‌లో తెలుపు నలుపవుతుందని ఇద్దరికీ తెలిసిందే. అయినా ఇద్దరూ అలా చూస్తూ నిలబడిపోయారు. ఎన్లార్జరు కింద, ఎవరూ కడగని ఆ కాగితం మీద పడుతున్న వెలుగులో, ఆవిడ జుట్టు ఒత్తుగా, నల్లగా పరుచుకుని ఉంది.