రిసెప్షన్ ఫోటోలో తాళి

శ్రావణం వచ్చింది. కుప్పం నుంచి మాత్రం ఎవరూ రాలేదు.

ఆషాఢంలో కొత్త కోడలు అత్తగారింట్లో ఉండకూడదని నా మనవరాలు వర్షితను మా ఇంటికి పిలుచుకొచ్చాము. మాది పుంగనూరు పక్క పల్లె. నెల తిరగ్గానే కుప్పంలోని అత్తగారింటి మనిషి పసుపు కుంకుమలతో వచ్చి పిల్లను తీసుకుపోవాలి. శ్రావణ శుక్రవారం ఒకటి పోయింది. రెండోది కూడా పోయింది. దాని మొగుడు ఉదయ్ కిరణ్ ఫోను చేయడం మానేశాడు. వర్షిత ఫోను దిండు పక్కన పెట్టుకుని పడుకునేది. అది మోగేది కాదు.

నా కోడలు చంద్రికకు సంగతి తెలుసని నాకు అనుమానం. కూతురు గదిలోకి రాగానే మాట ఆపేసేది. ఒకరోజు పొద్దున నేను ఆవుకు మేత వేస్తుంటే ఫోను పట్టుకుని వచ్చింది.

"మామా, ఇది సూడు."

"ఏముండాది?"

"మెడ సూడు."

పెళ్లి రిసెప్షన్ ఫోటో. మామిడిపండు రంగు పట్టుచీరలో వర్షిత, పక్కన కోటు వేసుకున్న ఉదయ్ కిరణ్. పిల్ల మెడలో హారం కింద నల్లపూసల గొలుసు. దాని కొసన రాళ్లు పొదిగిన తాళిబొట్టు.

నా చేతిలో మేత అలాగే ఉండిపోయింది. మా వైపు రిసెప్షన్ ముహూర్తానికి ముందురోజు సాయంత్రం జరుగుతుంది. ఉదయ్ కిరణ్ తాళి కట్టింది మరుసటి రోజు తెల్లవారుజామున. ఈ ఫోటో తీసేటప్పటికి పిల్ల మెడలో తాళి ఉండటానికి లేదు. పైగా ఆ బొట్టు మాది కాదు, వాళ్లది కూడా కాదు. మా రెండిళ్లలోనూ పసుపుతాడుకు గుండ్రటి బొట్లు కడతారు. రాళ్లబొట్టు మేమెరగము.

"కుప్పంలో మా వదిన ఆల్బమ్ తెప్పించుకునిందంట. ఇది కండ్లబడింది. ముందురోజే మెడలో తాళి ఉండాదే, అది కట్టినోడు యాడుండాడని అడిగింది" అంది చంద్రిక. వదిన అంటే ఉదయ్ కిరణ్ తల్లి సుశీలమ్మ.

"నువ్వేమన్నావు?"

"ఏమనేది మామా? అంగళ్లు ఊరి కాలేజీలో నాలుగేండ్లు సదివింది. హాస్టల్లో..."

"ఆపినావేంమా? పూర్తి చెయ్." వర్షిత గడప దగ్గర నిలబడి ఉంది.

చంద్రిక అటు తిరిగింది. "ఆ పొద్దు నీ మెడలో ఏముండింది, తాతకు సెప్పు."

"మీరు పెట్టిన హారం. అంతే."

"మరి ఇదేంది?"

"నాకు తెల్లేదు. ఫోటో తీసినోన్ని అడుగు."

రిసెప్షన్ సాయంత్రం నేను వంటల దగ్గర ఉన్నాను. చంద్రిక చుట్టాల మధ్యలో ఉంది. పిల్ల మెడలో ఏముందో మా ఇద్దరిలో ఎవరూ గమనించలేదు. నేను ఇప్పుడు చూశాను, ఏదైనా గొలుసు ఒరుసుకున్న గుర్తు ఉందేమోనని. అది నా చూపు కనిపెట్టింది. చున్నీ మెడ చుట్టూ లాక్కుంది.

నా కొడుక్కి చెప్పవద్దన్నాను. వాడికి తెలిస్తే మనుషులను వేసుకుని కుప్పం మీదికి పోతాడు. ఫోటోలు తీసిన వెంకటేష్ అంగడి మదనపల్లెలో. మా పక్కింటి టమాటాల బండి అటే పోతోంది. నేను ఎక్కాను. వర్షిత కూడా ఎక్కింది.

"నువ్వెందుకు?"

"నా మెడ గదా తాతా, ఫోటోలో ఉండేది."

దారి పొడుగునా నాకు అదే ఆలోచన. ఇది ఎందుకు వస్తోంది? అక్కడ వెంకటేష్‌కు కన్ను గీటి ఏమన్నా చెప్పిస్తుందా? అంగడికి చేరాక పిల్లను ముందు నడవనిచ్చి నేను వెనక నడిచాను. వాళ్లిద్దరి మొహాలూ నాకు కనబడాలి.

అంగడి మేడ మీద ఉంది. వెంకటేష్ ఒక్కడే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. పక్కన రెండు కుర్చీల మీద అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. పెళ్లి ఫోటోలకు మాట్లాడుకోవడానికి వచ్చినప్పుడు ఆ కుర్చీల్లో మనుషులు ఉన్నారు.

"వాళ్లు యాడప్పా?"

"మానేసినారు పెద్దాయనా. ఇప్పుడంతా ఏఐ. ఫోటోలన్నీ దాంట్లోకి ఎక్కిస్తే అదే మంచివి ఏరుతుంది, వరస పెడుతుంది, మొహాలు నున్నగా చేస్తుంది."

నేను ఫోటో చూపించాను. "ఇది ఎవరు పెట్టినారు?"

"ఏది?"

"తాళి."

"ఉండేది తీస్తాం పెద్దాయనా. లేనిది మేము యాడ నుంచి తెస్తాం?"

వర్షిత మొహంలో మార్పు లేదు. వాడి మొహంలో ఉంది. కెమెరాలో పడ్డవి చూపించమన్నాను. అవి వెతకాలి, రేపు రండి అన్నాడు. రేపటికి ఏం చేస్తాడో అనిపించింది. అట్టపెట్టెలు దించి కుర్చీలో కూర్చున్నాను.

"తాత లేయడన్నా" అంది వర్షిత. "ఆయన రాత్రికి ఈడనే పండుకుంటాడు. తెరువు."

తెరిచాడు. అదే చీర, అదే కోటు, అదే నవ్వు. మెడలో హారం ఒక్కటే ఉంది. నల్లపూసలు లేవు.

వెంకటేష్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత ఏఐ మొదట చేసి ఇచ్చిన ఆల్బమ్ తెరిచాడు. అందులో తాళి కట్టే పేజీలు ముందున్నాయి. రిసెప్షన్ చివర ఉంది.

"ఓర్నాయనో" అన్నాడు. "మన పద్ధతి దీనికి తెల్లేదు పెద్దాయనా. వేరే ఊర్లలో తాళి అయినాకనే రిసెప్షన్ చేస్తారు. ఇదీ అట్లే అనుకునింది. పెండ్లయిన పిల్ల మెడ బోసిగా ఉండాదే అని అదే ఒక తాళి చేసి పెట్టినట్టుండాది. యాడో చూసిన రకం."

"మరి రిసెప్షన్ ముందుకు ఎట్ల వచ్చింది?"

వాడు తల గోక్కున్నాడు. "నేనే జరిపినా. వరస తప్పుగా ఉండాదని సరిచేసినా."

"మెడ చూడలేదా?"

"మొహాలు చూసినా. కండ్లు మూసుకునిండారేమోనని."

"ఎవరన్నా చెప్పి చేయించినారా?"

"మా అమ్మ తోడు పెద్దాయనా! సీజన్లో ఆల్బమ్‌లు కుప్పలు పడినాయి. అది బాగా చేస్తాందని నమ్మినా. కావాలంటే కుప్పానికి ఇప్పుడే ఫోను జేస్తా."

"ఫోను వద్దన్నా" అంది వర్షిత. "రెండూ ప్రింటు తీసియ్యి."

మెట్లు దిగేటప్పుడు అది నా పక్కకు వచ్చింది. "ఇప్పుడన్నా నమ్మినావా తాతా?"

"పద. బస్సు వస్తాది" అన్నాను.

మరుసటి రోజు ఆదివారం. మేమిద్దరం కుప్పం పోయాము. సుశీలమ్మ వాకిట్లోనే ఉంది. "రా నాయనా" అని నాకు కుర్చీ వేసింది. చెంబుతో నీళ్లు తెచ్చి నాకిచ్చింది. వర్షితకు ఇవ్వలేదు. నేను రెండు గుటకలు తాగి చెంబు పిల్ల చేతికిచ్చాను. ఉదయ్ కిరణ్ లోపలి నుంచి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. భార్య వైపు చూడలేదు.

ఫోటోలు రెండూ బల్ల మీద పెట్టాను. "ఇది కెమెరాలో పడింది. అది మిషను చేసింది."

"ఇంకేమన్నా సెప్పు నాయనా. మాటలన్నీ బస్సులోనే వదిలేసి వచ్చినావా?"

వెంకటేష్ చెప్పిందంతా వర్షిత చెప్పింది. సుశీలమ్మ రెండు ఫోటోలూ వెలుతురుకు పట్టి చూసింది.

"కలిపేది తెలిసినోనికి తీసేది తెలీదా? నిన్న లేనిది పెట్టినాడంటాండారు. ఈ పొద్దు ఉండేది తీసినాడేమో. రెండూ కాగితాలే. ఏది నిజమని నేనెట్ల సెప్పేది?"

"వీడియో ఉండాది గదమ్మా" అన్నాడు ఉదయ్ కిరణ్, నేల చూస్తూ.

"అదీ వాడు తీసిందే గదరా."

నిన్నటి నుంచి నన్ను తొలుస్తున్నది కూడా అదే. వెంకటేష్ మా కళ్ల ముందే తెరిచాడు. కానీ ఆ పెట్టెలో ఏం జరుగుతుందో నాకేం తెలుసు?

వర్షిత ఫోటోలు తీసుకుని బల్ల మీద బోర్లించింది.

"ఇవి పక్కన పెట్టు అత్తా. ఆ పొద్దు స్టేజీ ఎక్కకముందు గదిలో నా మెడకు గంధం పూసింది ఎవరు?"

రిసెప్షన్‌కు ముందు పెళ్లికొడుకు తల్లి పెళ్లికూతురికి గంధం పూసి, చీర పెట్టి, పూలు తురమాలి. ఆ గదిలోకి మగవాళ్లు పోరు. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

"నేనే" అంది సుశీలమ్మ.

"గంధం అంటుకుంటాది, హారం తీసి పెట్టమనింది ఎవరు?"

"నేనే."

"మెడ చుట్టూ నీ చెయ్యే గదా తిరిగింది. ఏమన్నా తగిలిందా?"

సుశీలమ్మ తన కుడిచెయ్యి తిప్పి చూసుకుంది. బొటనవేలితో అరచేతిని రుద్దుకుంది. నేను ఆమె మొహం వదలకుండా చూస్తున్నాను. ఆమె మా ఎవరి వైపూ చూడలేదు.

"తగల్లే" అంది చివరికి. "ఉత్త మెడ. చెమట పట్టింటే నా కొంగుతోనే తుడిచినా." బోర్లించిన ఫోటోలను పక్కకు నెట్టింది. "నేను యాల మర్చిపోయినా ఇది? ఆ ఫోటో సూసినాక ఆ పొద్దంతా ఫోటోలో మాదిరే గుర్తొస్తాండింది నాయనా. గదిలో కూడా నల్లపూసలు కనబడినట్టే ఉండింది నాకు."

అప్పుడు నమ్మాను. ఆమెను నమ్మాను. పిల్లను కూడా.

సుశీలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. లేచి ఆల్బమ్ తెచ్చి కోపంగా పేజీలు తిప్పింది. "ఇదిగో, నా నడుము సూడు. ఈ నడుము నాకు పెండ్లిలో కూడా లేదు. దీన్ని సూసి మురిసిపోతిని గానీ, అనుమానం అప్పుడే రావాల్సింది నాకు."

"అది మాత్రం ఉండనీలే అత్తా" అంది వర్షిత.

"ఉండనీనా? నలుగురూ నవ్వేదానికా? మళ్లీ చేయమను ఆ వెంకటేష్‌ను. ఈసారి నేనూ మీ అమ్మా పక్కన కూర్చుని ఒక్కో పేజీ సూసినాకనే ప్రింటు. దా మే, కాళ్లు కడుక్కో. లోపలికి దా."

వర్షిత కదలలేదు.

"వస్తానత్తా. నీ కొడుకు వచ్చి పిలిస్తే వస్తా." మొగుడి వైపు తిరిగింది. "అత్తకు ఫోటో చూసి అనుమానం వచ్చింది. పెద్దామె, అడిగేసింది. నువ్వు ఫోనులో 'ఎవరు' అని ఒక్క మెసేజీ పంపించినావు. నేను చేస్తే ఫోను ఎత్తలేదు."

"నువ్వు బాధపడతావని..."

"ఎత్తకపోతే సంతోషపడతాననుకున్నావా?"

నేను తువ్వాలు దులుపుకుని లేచాను. సుశీలమ్మ అన్నం తిని పొమ్మని బతిమాలింది. పిల్ల గేటు దాటిపోయింది. నేను దాని వెనకే నడిచాను.

బస్టాండులో పుంగనూరు బస్సు నిలబడి ఉంది. వర్షిత ఇద్దరు పట్టే సీట్లో నడిచే దారి వైపు కూర్చుంది. కిటికీ పక్క చోటు ఖాళీగా వదిలింది. నేను దాని వెనక సీట్లో ఒకామె పక్కన కూర్చున్నాను. బస్సు కదులుతుండగా ఉదయ్ కిరణ్ పరుగెత్తుకొచ్చి ఎక్కాడు. చేతిలో కవరు. అందులో పసుపు, కుంకుమ, గాజులు, పూలు. తల్లి పంపిందో, వాడే తెచ్చుకున్నాడో. దాని పక్కకు వచ్చి నిలబడ్డాడు.

వర్షిత జరగలేదు. తల కూడా ఎత్తలేదు.

వాడు పైన కడ్డీ పట్టుకుని నిలబడే వచ్చాడు. మలుపుల్లో తూలినప్పుడల్లా కవరు రొమ్ముకు అదుముకున్నాడు. ఎంతసేపు నిలబడతాడో చూద్దామని నేనూ ఊరకే ఉన్నాను. వి.కోటలో నా పక్కనామె దిగిపోయింది.

"సీటుండాది గదప్పా, కూర్చో" అన్నాడు కండక్టరు.

వాడు నన్ను చూశాడు. నా పక్క ఖాళీ చోటునూ చూశాడు. "ఉండనీలే అన్నా" అని అలాగే నిలబడ్డాడు.

బస్సు ఊరు దాటింది. అప్పుడు వర్షిత ఒడిలోని సంచి సర్దుకుని కిటికీ వైపుకు జరిగింది.