నూట నలభై కిలోల తేడా

ఆళ్లగడ్డలో తెల్లారేసరికి ఉలి చప్పుళ్ళు మొదలవుతాయి. ఆ పూట నాగలింగాచారి షెడ్డు మాత్రం తలుపు తీయలేదు. ఆయన కూతురు వసుధకు నంద్యాల కాలేజీలో పీహెచ్‌డీ వైవా. ఏడేళ్ళ పని. ఇప్పటికే రెండుసార్లు తిప్పి పంపారు. ఈ నెలతో గడువు ఆఖరు. ఈసారి సంతకం పడకపోతే ఆ పుస్తకం అటకెక్కినట్టే.

తండ్రీకూతుళ్ళు ఎక్కగానే నంద్యాల బస్సు ఒకపక్కకు ఒరిగింది.

"ఆచారన్నా, నడిమధ్యన నిలబడు. బండి పల్టీ కొడ్తాది," అన్నాడు కండక్టరు.

"నిలబడే ఉండా కదప్పా. కూచుంటే సీటు ఇరుగుతాదని నువ్వే అంటివి."

నాగలింగాచారి బరువు ఆ దారిలో అందరికీ తెలిసిందే. వాళ్ళింట్లో తాతల నాటి ఆచారం ఒకటుంది. విగ్రహం మొహం చెక్కేటప్పుడు రాలే పొడిని నోటితోనే ఊదాలి. నీళ్ళు చల్లకూడదు, ముక్కుకు గుడ్డ కట్టకూడదు. దేవుడికి మొహం ఇచ్చేవాడు తన మొహం దాచుకుంటాడా అనేవాళ్ళు. ఊదిన పొడిలో కొంత లోపలికి పోయేది. పోయింది పోయినట్టే నిలిచిపోయేది. ముందు మోకాళ్ళు రాయయ్యాయి, తర్వాత భుజాలు. ఇప్పుడు వీపు తడితే ఖంగుమంటుంది. చూడడానికి మాత్రం బక్కమనిషే.

వసుధ పరిశోధన కూడా రాయి గురించే. కొండలో రాయి మళ్ళీ పుట్టదు కదా, ఒక్క పెచ్చు వృథా కాకుండా ఎట్లా వాడుకోవాలి అని. నాయన షెడ్డుకు వచ్చిన రాయి, పోయిన విగ్రహాలు, రాలిన పెచ్చులు, ఊడ్చిన దుమ్ము, అన్నీ ఏడేళ్ళు తూచింది. తూచి తూచి ఆ పిల్ల చేతులు కూడా కాయలు కాచాయి.

వైవా గదిలో ఫ్యాను మూలుగుతోంది. పరీక్ష చేయడానికి బయటి ఊరి నుంచి వచ్చిన పెద్దసారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అంతా బాగుందమ్మా. కానీ వచ్చిన రాయికీ పోయిన రాయికీ నూట నలభై కిలోలు తేడా. తూకంలో పొరపాటు అని రాశారు. రాయిని కాపాడమని రాసే పుస్తకంలోనే రాయి మాయమైతే ఎట్లా? ఎక్కడికి పోయింది?"

వసుధకు తెలుసు. నాయన్ని అంకె చేసి పట్టికలో ఎక్కించడానికి ఆమెకు చెయ్యి రాలేదు. వెనక రెండుసార్లు తిప్పి పంపిందీ దీనికే.

"చెప్పకపోతే నేను సంతకం పెట్టలేను."

వెనక గోడ దగ్గర నిలబడిన నాగలింగాచారి దగ్గాడు.

"మా పాప తూకం తప్పదు సార్. ఆ రాయి నా కాడుండాది."

క్యాంటీన్ నుంచి బియ్యం మూటలు తూచే కాటా తెప్పించారు. ఆయన ఎక్కి నిలబడ్డాడు. రెండువందల ముప్పై ఆరు.

"ఏడేళ్ళ కిందట?"

"తొంభై ఆరు," అంది వసుధ.

పెద్దసారు కాగితం అంచున తీసివేత వేసి తలాడించాడు. సంతకం పెట్టబోయి కలం ఆపాడు.

"ఇంకొక్క ప్రశ్న. ఈయనలో ఇంకెంత పడుతుంది?"

కొండలో ఎంత రాయి మిగిలిందంటే వసుధ నిద్రలో కూడా చెబుతుంది. ఈ లెక్క ఎన్నడూ వేయలేదు. లేచి బోర్డు మీద వేసింది. ఊపిరి ఆడే చోటు ఇంత, ఒక్కో విగ్రహానికి లోపలికి చేరే పొడి ఇంత. చివరి గీత కింద అంకె రాసి సుద్దముక్క పక్కన పెట్టింది.

"ఎంత పాపా?"

"ఇంకొక్క విగ్రహం, నాయనా."

నాగలింగాచారి వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు.

"రెండు ఒప్పుకుంటినే."

"వాటి మొహాలు నీళ్ళు చల్లి వేరేవాళ్ళతో చెక్కిద్దాం. నువ్వు కూచోని చెప్పు, చాలు."

"దేవుడు ఒప్పుకుంటాడా?"

వసుధ గైడు సరోజమ్మ మేడం నవ్వింది. "నీ కూతురు డాక్టరయింది ఆచారన్నా. డాక్టరు చెప్పినాక వినుకోవాల."

పెద్దసారు సంతకం పెట్టాడు.

మూడోనాడు నాగలింగాచారి షెడ్డు అరుగు మీద ఊరికే కూచున్నాడు. ఊరికే కూచోవడం ఆయనకు చేతకాదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మధ్యాహ్నానికి దగ్గు వచ్చింది. అరచేతిలో చిటికెడు నల్లపొడి పడింది.

"ఇదేంది పాపా, బయటికొస్తాండాదే?"

వసుధ పక్కన కూచుని ఆయన వీపు మీద చెయ్యేసింది.

"రానీ నాయనా. తొందరేం లేదు. మెల్లగా దగ్గు."